అరిజోనా గాడిదకి చట్టం ఉంది, మన హంద్రీ గాడిదకి బీడు కూడా లేదు

ఈ పోస్టు గాడిదల గురించి. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత చదవండి.

మాది కర్నూలు, కల్లూరు పక్క. చాకలోళ్ళం. తాత కాలంలో ఇంటికాడ గాడిదలు ఉండేవి, హంద్రీ రేవుకి బట్టల మూటలు మోసేవి, బట్టలు ఉడకబెట్టే ఉబ్బకి చవుడు మట్టి మోసేవి, పని లేనప్పుడు వంక పక్కన బీట్లో వదిలేస్తే వాటి పాటికి అవి మేసి వచ్చేవి. నాన్న ఇస్త్రీ బండి పెట్టినాడు, నేను జిరాక్స్ షాపు పెట్టినా. గాడిదలు ఎప్పుడో పోయినాయి. అంటే నేను జంతు ప్రేమికుడి టైపు కాదు, వాటి వీపు మీద తిన్న కుటుంబం, ఆ లెక్కన రాస్తాండా.

మా బావ అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరే, ఇంకేముంటుంది. ఓట్‌మన్ అని ఒక ఊరికి పోయి వీడియో పంపినాడు. ఒకప్పుడు బంగారు గనులు ఉండిన ఊరు, రూట్ 66 అనే పాత హైవే మీద ఉంది. పొద్దున అయితే కొండల్లోంచి గాడిదలు దిగి నడి రోడ్డు మీద నిలబడతాయి, కార్లన్నీ ఆగాల్సిందే, టూరిస్టులు మేత కొని పెడతారు, సాయంత్రానికి అవే కొండెక్కి పోతాయి. పిల్ల గాడిదకి ఏమీ తినిపించొద్దు అని దాని నుదుటి మీదే స్టిక్కర్ అంటించి ఉంది. "ఎవరివి బావా ఇవి" అంటే "ఎవరివీ కావు బామ్మర్దీ, గవర్నమెంటువి, చెయ్యి చేసుకుంటే కేసు" అన్నాడు. నేను వీడియో ఆపి చూసినా. వీపు పొడుగునా నల్ల చార, భుజాల మీద దానికి అడ్డంగా ఇంకో చార. మా తాత గాడిదలకి ఉన్నట్టే. ఉండక ఎట్ల, ఇక్కడివీ అక్కడివీ అన్నీ ఆఫ్రికా అడవి గాడిద సంతానమే కదా, స్పెయిన్ వాళ్ళు పడవల్లో అమెరికా తీసుకుపోయినారు, గనుల వాళ్ళు బరువులు మోయించుకున్నారు, రైళ్ళూ లారీలూ వచ్చినాక ఎడారిలో వదిలేసి పోయినారు. వదిలేయడం దాకా మన కథే. తర్వాతే దారి మారింది.

అక్కడ గుర్రాల కథ ఇంకా విచిత్రం. గుర్రం జాతి అసలు పుట్టిందే ఉత్తర అమెరికాలో, పది వేల ఏళ్ళ కింద అక్కడ అంతరించిపోయింది, మళ్ళీ కొలంబస్ రెండోసారి 1493లో వచ్చేటప్పుడు తెచ్చినాడు. అందుకే ఇప్పటికీ కొట్లాట, ఇది సొంత ఊరికి తిరిగొచ్చిన జంతువా లేక బయటి నుంచి వచ్చి మేత తినేసే జంతువా అని. రెండు పక్కలా సైంటిస్టులే ఉండారు.

చట్టం ఎట్ల వచ్చిందో చెప్పాలి, ఆ ముక్క నాకు బాగా నచ్చింది. వెల్మా జాన్‌స్టన్ అని నెవాడాలో ఆఫీసులో సెక్రటరీ పని చేసే ఆమె. 1950లో ఒకరోజు ఆఫీసుకి పోతుంటే ముందర పోయే ట్రక్కులోంచి రోడ్డు మీదికి రక్తం కారుతా ఉంది. వెనకే పోయి చూస్తే లోపల అడవి గుర్రాలు, విమానాలతో తరిమి తరిమి పట్టి, కుక్కల మేత కంపెనీలకి అమ్మడానికి తీసుకుపోతాండారు. చాలామంది అయ్యో అనుకుని ఆఫీసుకి టైం అయిందని పోతారు, ఆమె పోలేదు. మీటింగులకి పోయింది, ఉత్తరాలు రాయించింది. ఎగతాళిగా "వైల్డ్ హార్స్ యానీ" అని పేరు పెట్టినారు, ఆమె ఆ పేరే ఉంచుకునింది. 1959లో మొదటి చట్టం, ప్రభుత్వ భూముల్లో అడవి గుర్రాల్ని, గాడిదల్ని బండ్లతో విమానాలతో తరమొద్దు, వాటి కోసం నీళ్ళ గుంటల్లో విషం కలపొద్దు అని. అది చాల్లేదు. బడి పిల్లోళ్ళు కూడా కుప్పలు కుప్పలు ఉత్తరాలు రాసినారు, 1971లో పెద్ద చట్టం వచ్చింది, రెండు సభల్లో ఒక్కరు కూడా వద్దు అనలేదంట, డిసెంబర్ 15న నిక్సన్ సంతకం పెట్టినాడు. గుర్రాలూ గాడిదలూ రెండిటినీ కలిపి, ఎవరి ముద్రా లేకుండా ప్రభుత్వ భూమిలో తిరిగేవాటిని చంపినా పట్టుకున్నా వేధించినా నేరం అని.

వెంటనే గొడవ కూడా వచ్చింది, అదీ గాడిదల మీదే. 1974లో న్యూమెక్సికోలో ప్రభుత్వ భూమిలో ఆవులు మేపుకునే ఒకాయన, గాడిదలు వచ్చి నా ఆవుల దాణా తినేస్తాండాయి అని కంప్లైంట్ చేసినాడు. రాష్ట్రం వాళ్ళు 19 గాడిదల్ని పట్టి వేలం పాట పెట్టి అమ్మేసినారు. కేంద్రం తిరిగి తెచ్చి వదలమంది, రాష్ట్రం మా జంతువుల మీద మీ పెత్తనం ఏంది అంది. సుప్రీం కోర్టు దాకా పోయింది. 1976లో జడ్జీలు అందరూ ఒకటే మాట, భూమి కేంద్రానిదైనప్పుడు దాని మీద తిరిగే జంతువుని కాపాడే హక్కు కూడా కేంద్రానిదే అని. పంతొమ్మిది గాడిదల కోసం సుప్రీం కోర్టు! మనకాడ వసుదేవుడంతటోడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు అని చెప్పుకోవడమే గానీ, దాని కోసం తహసీల్దార్ ఆఫీసు మెట్లు ఎక్కినోడు ఎవడన్నా ఉన్నాడా?

ఇంతవరకు చదివి ఆహా అమెరికా అనుకోవద్దు. నేను కూడా అక్కడితో ఆపేద్దునేమో గానీ బావ ఇంకో వీడియో పంపినాడు, హెలికాప్టర్‌తో గుర్రాల్ని పట్టే వీడియో. 1959లో ఆమె కొట్లాడి ఆపించింది దేనిని, గాల్లోంచి తరమడాన్నే కదా, 1976లో ఇంకో చట్టం తెచ్చి ప్రభుత్వమే హెలికాప్టర్ వాడుకోవచ్చు అన్నారు. చెవులు చిల్లులు పడే సౌండు, కింద దుమ్ము, గుంపు మొత్తం ప్రాణభయంతో పరుగు, పిల్లలు వెనకపడిపోతాయి. రెండు పక్కలా గోనెగుడ్డ కట్టిన కంచె దగ్గర దగ్గరగా వస్తా వస్తా గరాటా మాదిరి ఒక దొడ్డిలోకి పోతుంది. ఆ దొడ్డి మొదట్లో ఒక మనిషి మచ్చిక చేసిన గుర్రాన్ని పట్టుకుని నిలబడి ఉంటాడు, గుంపు దగ్గరికి రాగానే దాన్ని వదులుతాడు, అది నేరుగా దొడ్డిలోకి ఉరుకుతుంది, ఇవన్నీ దాని వెనక. ద్రోహి గుర్రం అని పేరు కూడా దానికే పెట్టినారు, నేర్పించినోడికి కాదు. తర్వాత మెడకి ఎడమ పక్క గడ్డకట్టించే చల్లని ముద్ర వేసి నంబర్ ఇస్తారు.

ఎందుకు పడతారంటే ఎక్కువైపోతాయి. ఇది అబద్ధం కాదు. వాటిని తినే జంతువులు ఎక్కువ లేవు, వేట లేదు, ఏడాదికి నూటికి పదిహేను ఇరవై చొప్పున పెరుగుతాయి, నాలుగైదేళ్ళకి రెట్టింపు. భూముల్ని చూసుకునే ఆఫీసు, బీఎల్ఎం అంటారు, దాని లెక్కలో 25 వేల చిల్లర ఉంటే చాలు, 2020లో 95 వేలు ఉండినాయి, పట్టి పట్టి 2025 మార్చికి 73 వేలకి తెచ్చినారు. పట్టినవాటిని చంపకూడదు కదా, దత్తతకి ఇస్తారు, 125 డాలర్ల నుంచి మొదలు. అంతమంది తీసుకునేవాళ్ళు యాడ ఉంటారు. 2019లో తీసుకున్నోళ్ళకి ఎదురు వెయ్యి డాలర్లు ఇస్తాం అన్నారు, కొందరు డబ్బు చేతికి రాగానే కబేళా వ్యాపారులు వచ్చే వేలం పాటలకి తోలినారు, చివరికి 2025లో ఒక జడ్జి ఆ స్కీమే కొట్టేసినాడు. మిగిలినవి దొడ్లలో. అరవై వేల పైన గుర్రాలూ గాడిదలూ ప్రభుత్వ ఖర్చుతో గడ్డి తింటా కూర్చుని ఉండాయి, గుర్రాలకీ గాడిదలకీ అని ఆ ఆఫీసుకి ఇచ్చే బడ్జెట్‌లో మూడింట రెండొంతులు వాటి మేతకీ కాపలాకే పోతుంది. స్వేచ్ఛగా తిరగాలని చట్టం చేసి, బయట తిరిగేవాటికి దగ్గర దగ్గర సమానంగా లోపల కట్టేసినారు.

పిల్లలు పుట్టకుండా టీకా ఉంది, పీజెడ్‌పీ అని, దూరం నుంచి బాణం లాగా తుపాకీతో వేస్తారు, మళ్ళీ మళ్ళీ వేయాల్సి ఉంటుంది. దొడ్లకే డబ్బంతా పోతే దానికి మిగిలేదెంత.

ఇక్కడ నాకు అసలు తిక్క రేగిన విషయం వేరే. ఆ బీఎల్ఎం ఆఫీసు చేతిలో ఉండే భూమిలో పదిహేనున్నర కోట్ల ఎకరాల్లో ప్రైవేటు ఆవులూ గొర్రెలూ మేపుకోవచ్చు. గుర్రాలకీ గాడిదలకీ కేటాయించింది రెండున్నర కోట్ల ఎకరాల పైచిలుకు, దాంట్లో కూడా శానా చోట్ల ఆవులు మేస్తాయి. 1971లో ఇవి తిరిగిన నేల 5 కోట్ల ఎకరాల పైన ఉండేది, సగం అయింది. మేపుకునేవాళ్ళు కట్టేది ఎంత, 2019 నుంచి 2025 దాకా ఒక ఆవు దూడతో, లేకపోతే అయిదు గొర్రెలు, నెలకి 1.35 డాలర్లు. మన లెక్కలో నూటపది నూటఇరవై రూపాయలు. మా వీధిలో గొర్రెలు మేపే సిన్నాయనకి చెప్తే "నన్ను ఆ దేశం పంపీ రా" అన్నాడు.

కాబట్టి "గుర్రాలు గడ్డి మొత్తం తినేస్తాండాయి" అనే మాట సగం నిజం. గడ్డి తక్కువైన మాట నిజం, నేల పాడైన చోట్లు ఉన్న మాట నిజం, దాంట్లో ఎవరి వాటా ఎంత అనే లెక్క తీసేటప్పుడు మాత్రం ముందు గుర్రం వైపే వేలు పోతుంది, ఎందుకంటే గుర్రానికి ఓటు లేదు. బావ ఒప్పుకోడు. ఆ రాంచర్లు, అంటే ఆవులు మేపేవాళ్ళు కూడా తాతల నాటి నుంచి ఆ బీళ్ళ మీదే బతికినోళ్ళు, కరువొస్తే ముందు వాళ్ళ ఆవుల్నే తగ్గించమంటారు అంటాడు. అదీ కరెక్టే. అయినా నా మాట ఒకటే, గాడిదల కోసం అని గీసిన హద్దులో అన్నా ఆవుల పర్మిట్లు తగ్గించండి, హెలికాప్టర్ డబ్బు టీకాకి పెట్టండి.

గాడిదల గురించి ఇంకోటి, ఇది మాత్రం మన రాయలసీమ వాళ్ళకి చెప్తే టక్కున అర్థమవుతుంది. అరిజోనా పక్క సోనోరా ఎడారిలో వాగులు ఎండిపోయినప్పుడు గాడిదలు ముందు కాళ్ళతో ఇసక తోడి చెలమలు తీస్తాయి. మనం పెన్నలో, చిత్రావతిలో ఎండాకాలం తీసినట్టే. 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది, కొన్ని చెలమలు మనిషి లోతు, రెండు మీటర్ల దాకా. కెమెరాలు పెట్టి చూస్తే జింకలు, పక్షులు, అడవి పందులు, పదుల రకాల జీవాలు అక్కడికే వచ్చి తాగుతాండాయి. గాడిదలు వదిలేసిన చెలమల్లో తడికి చెట్ల మొలకలు కూడా లేచినాయి. మా తాత ఉండి ఉంటే దీంట్లో ఏముంది వింత, పార పెట్టకముందు దాన్నే వదిలేవాళ్ళం అనేవాడేమో. అదే అమెరికాలో డెత్ వ్యాలీ పార్కు వాళ్ళు మాత్రం ఊటల్ని తొక్కి పాడు చేస్తాండాయి, మా పార్కులో ఒక్క గాడిద కూడా ఉండకూడదు అంటారు. నేషనల్ పార్కులకి ఆ 1971 చట్టం వర్తించదు. కంచె ఇవతల ఉంటే దేశానికి గుర్తు, అవతలకి పోతే పీడ.

ఇప్పుడు మనకాడికి వద్దాం.

2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3 లక్షల 20 వేల దాకా గాడిదలు. 2019లో లక్షా 20 వేలు. ఏడేళ్ళలో నూటికి అరవై మాయం. మన రాష్ట్రంలో కూడా సగానికి పైగా తగ్గినాయి. కారణాలు అందరికీ తెలిసినవే, ఆటో వచ్చింది, ట్రాక్టర్ వచ్చింది, వాషింగ్ మెషిన్ వచ్చింది, ఇటుక బట్టీల్లో కూడా బండ్లే. ఇంకో కారణం చెప్పుకోవడానికి సిగ్గు, గాడిద మాంసం తింటే దమ్ము వస్తుంది, ఉబ్బసం పోతుంది అని కోస్తా జిల్లాల్లో కొన్నిచోట్ల కోసి అమ్ముతాండారు, అక్కడి గాడిదలు చాలక మహారాష్ట్ర, రాజస్థాన్ నుంచి లారీల్లో తెస్తారు. ఆహార భద్రత చట్టం ప్రకారం మాంసానికి కోయదగిన జంతువుల లిస్టులో గాడిద లేదు, అంటే కోసి అమ్మడమే నేరం. చైనా వాళ్ళు దాని చర్మం ఉడకబెట్టి మందు చేసుకుంటారు, దానికోసం ఆఫ్రికాలో ఖాళీ చేసేస్తుంటే 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ దేశాలన్నీ చర్మం కోసం గాడిదల్ని చంపడం పదిహేనేళ్ళు బంద్ అన్నాయి.

మనోళ్ళు ఏమీ చేయలేదా అంటే చేసినారు. కచ్ చిన్న రణ్‌లో అడవి గాడిద ఉంది, అది వేరే జాతి, ఎవరూ మచ్చిక చేయనిది, ఒకప్పుడు రోగాలొచ్చి కొన్ని వందలకి పడిపోయింది, 1973లో అభయారణ్యం పెట్టినారు, 2024 లెక్కలో 7,672 ఉండాయి. బ్రహ్మాండం. కానీ అది ఉప్పు నేల, సేద్యానికి ఎవరూ అడగని నేల, అందుకే అంత సులువుగా దొరికింది. ఊరి గాడిదకి ఏముంది? 2024లోనే కేంద్రం గాడిదల ఫారం పెట్టేవాళ్ళకి సగం సబ్సిడీ, 50 లక్షల దాకా అనింది. యాభై లక్షల సబ్సిడీ కావాలంటే మిగతా యాభై లక్షలు మనం పెట్టాలి కదప్పా. రెండు గాడిదలు ఉన్న చాకలోనికీ ఉప్పరోనికీ అది ఏ మూలకి.

మా కల్లూరులో చౌడేశ్వరమ్మ గుడి ఉంది. ఉగాదికి గుడి చుట్టూ బురద చేసి గాడిదల్ని, ఎద్దుల బండ్లని తిప్పుతారు, చూడటానికి ఊరు ఊరంతా వస్తుంది, బురద మీద పడితే మంచిదని. ఆ పూట గాడిదకి పసుపు, కుంకుమ, దండ. అనంతపురం పక్క వానలు పడకపోతే గాడిదలకి పెళ్ళి చేసి మేళాలతో ఊరేగిస్తారు. మరుసటి రోజు ఆ పెళ్ళికొడుకు చెత్తకుప్ప మీద ఉంటాడు. మొన్న మా షాపు వెనక సందులో ఒకటి నిలబడి ఉంటే దగ్గరికి పోయినా. ముందు కాళ్ళు రెండూ నైలాన్ తాడుతో కలిపి కట్టినారు, తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయి ఈగలు ముసురుతాండాయి. ముక్కు రెండు పక్కలా చీల్చి ఉంది, చీలిస్తే గాలి బాగా ఆడుతుందని పాతకాలం నమ్మకం, ఇప్పటికీ చీలుస్తాండారు. కవర్లో కట్టి పారేసిన ఇడ్లీ చట్నీని కవర్‌తో సహా నములుతా ఉంది. తాడు విప్పుదామని వంగితే తన్నింది, తన్నదా మరి. పక్క షాపాయనతో పట్టించి కత్తెరతో కోసినా. ఎవరిదని అడిగితే ఎవరూ మాది అనలేదు. పని చేసినన్నాళ్ళూ ఓనర్ ఉంటాడు, ముసలిదైతే ఎవరిదీ కాదు.

ఎవరిదీ కానిది ఎవరి నేల మీద బతకాలి, నా గోల అంతా ఇదే. మా తాత గాడిదలు మేసిన వంక పోరంబోకులో ఇప్పుడు ప్లాట్లు. గని, శకునాల కాడ దగ్గర దగ్గర ఆరు వేల ఎకరాల్లో 2017కి సోలార్ పార్కు వచ్చింది, కరెంటు కావాలి, కాదనను. కానీ రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసిన ప్రతి చోటా గడ్డి ఉండేది, గొర్రె, గాడిద, తోడేలు, నక్క అన్నీ దాని మీదే. ఖాళీ జాగా అని ఆఫీసులో కూర్చున్నోడు అనుకుంటాడు. రోళ్ళపాడు చూడండి, 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టినారు, కంచెలు వేసినారు, లోపల కృష్ణ జింకలు పెరిగినాయి, పక్క పొలాల్లో రైతులు లబోదిబో, బట్టమేక మాత్రం కనపడకుండా పోయింది. చుట్టూ ఉన్న బీళ్ళు, పాతకాలం మెట్ట పంటలు మారిపోతే మధ్యలో ఒక ముక్కని కాపాడి ఏం లాభం. అమెరికా వాళ్ళది కూడా ఇదే తప్పు, జంతువుకి చట్టం రాసినారు, గడ్డి లెక్క మాత్రం పాతదే ఉంచినారు.

నన్ను అడిగితే మన జిల్లాల్లో గాడిద అభయారణ్యాలూ అవీ వద్దు. పంచాయతీ పోరంబోకులో మిగిలినదాన్ని మిగిలినట్టు ఉంచండి, కంప చెట్టు కొట్టేసి గడ్డి రానివ్వండి. పశువుల ఆస్పత్రి వాళ్ళు గొర్రెలకి నట్టల మందు తాపే రోజే గాడిదలకీ తాపొచ్చు, కాళ్ళ పుండ్లకి మందు పూయొచ్చు, తెచ్చేవాళ్ళని చూసి నవ్వకుండా ఉంటే వాళ్ళే తోలుకొస్తారు. ఉపాధి హామీలో కట్టిన పశువుల తొట్ల కాడ గాడిద మూతి పెడితే కట్టె తీసుకుని తరుముతాండారు, బర్రెలు తాగవంట, ఎవరు చెప్పినారో. హైవే మీద రాత్రిపూట టార్పాలిన్ కప్పిన లారీలోంచి గాడిదల కాళ్ళు కనపడితే నంబర్ రాసుకుని 112కి కొట్టండి. 2024 అక్టోబర్‌లో మొదలైన పశుగణనకి మా వీధికి వచ్చిన అమ్మాయి ఆవులు, బర్రెలు, గొర్రెలు, కోళ్ళు అన్నీ అడిగింది, గాడిదలు ఉన్నాయా అని కూడా అడిగింది, మా సిన్నాయన వాళ్ళ పక్కింటాయన రెండు పెట్టుకుని కూడా లేవు అన్నాడు, ఎందుకు దాచినావు మామా అంటే "రాసుకుంటే మీ గాడిద రోడ్డు మీద తిరుగుతాంది అని ఫైన్ వేస్తారు రా" అన్నాడు. ఫైన్ వేయరు అని చెప్పడానికి నా దగ్గర కూడా కాగితం ఏమీ లేదు. మీలో ఎవరన్నా పశుసంవర్ధక శాఖలో పని చేసేవాళ్ళు ఉంటే కామెంట్లో చెప్పండి, నేను ప్రింట్ తీసి వీధంతా పంచుతా, జిరాక్స్ మనదే.